స్లోవేకియా కార్ల పరిశ్రమ
స్లోవేకియా కార్ల పరిశ్రమ మధ్య ఐరోపాలోని స్లోవేకియా ఆర్థిక వ్యవస్థకు మూలాధారమైన తయారీ రంగం. సుమారు 54 లక్షల జనాభా గల ఈ దేశం ఏటా దాదాపు 10 లక్షల కార్లు తయారుచేస్తూ, తలసరి కార్ల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది.

1991లో జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ రాజధాని బ్రాటిస్లావాలోని కార్ల కర్మాగారంలో అడుగుపెట్టడంతో ఈ రంగంలోకి విదేశీ పెట్టుబడుల రాక మొదలైంది. 1993లో చెకోస్లోవేకియా విడిపోయి స్లోవేకియా స్వతంత్ర దేశమైంది. ఫ్రాన్స్ సంస్థ పీఎస్ఏ ట్ర్నావాలోను, దక్షిణ కొరియా సంస్థ కియా జిలినాలోను 2006లో ఉత్పత్తి ప్రారంభించాయి. పీఎస్ఏ 2021లో స్టెలాంటిస్‌లో విలీనమైంది. టాటా మోటార్స్ యాజమాన్యంలోని జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2018లో నిట్రాలో కర్మాగారం తెరిచింది. తూర్పున కోషిత్సే సమీపంలో విద్యుత్ కార్ల కర్మాగారం నెలకొల్పుతామని వోల్వో 2022లో ప్రకటించింది.

2004లో ఐరోపా సమాఖ్య సభ్యత్వం, అదే ఏడాది అమలైన 19 శాతం ఏకరీతి పన్ను, 2009లో యూరో స్వీకరణ, పశ్చిమ ఐరోపా కంటే తక్కువ వేతనాలు, నైపుణ్యం గల కార్మికులు, జర్మనీ వంటి పెద్ద మార్కెట్లకు సామీప్యం, ప్రభుత్వ ప్రోత్సాహకాలు విదేశీ పెట్టుబడిదారులను ఆకర్షించాయి. కర్మాగారాల చుట్టూ విడిభాగాల సరఫరా సంస్థలు విస్తరించాయి.

వార్షిక ఉత్పత్తి 2015లో తొలిసారి 10 లక్షలు దాటింది. కార్లలో అత్యధిక భాగం ఎగుమతి అవుతున్నందున, విదేశీ గిరాకీలో హెచ్చుతగ్గులు దేశ ఆర్థిక వ్యవస్థపై నేరుగా ప్రభావం చూపుతాయి.