ఆ జ్వరాన్ని అశ్రద్ధ చేయరాదు

విశాఖపట్నం: అక్యూట్‌ మైలోజీనస్‌ లుకేమియా వారాల వ్యవధిలోనే ప్రాణాంతకంగా మారగల రక్త క్యాన్సర్‌. ఎముక మజ్జలో పక్వానికి రాని కణాలు విపరీతంగా పెరిగి, ఆరోగ్యకరమైన రక్తకణాల తయారీని అడ్డుకుంటాయి. ఎక్కువ మందిలో కారణం తెలియదు. బెంజీన్‌ ఆవిరికి దీర్ఘకాలం గురైన కార్మికులకు ముప్పు అధికం.

లక్షణాలు: తగ్గని జ్వరం, నీరసం, చిగుళ్ల నుంచి రక్తస్రావం, చర్మంపై ఎర్రటి మచ్చలు. రక్తపరీక్షలో అనుమానం కలిగితే మజ్జను పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు.

చికిత్స: తట్టుకోగల రోగులకు తొలి విడతలో సైటరాబిన్‌ 7 రోజులు, డౌనోరూబిసిన్‌ 3 రోజులు రక్తనాళం ద్వారా ఎక్కిస్తారు. ఆ తరువాత కొన్ని వారాలు రక్తకణాలు బాగా పడిపోతాయి. రోగికి అసలు గండం ఇదే. జ్వరం వస్తే తెల్లవారే వరకు వేచి ఉండక వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. రక్తం, ప్లేట్‌లెట్లు పదేపదే అవసరమవుతాయి కనుక బంధుమిత్రులు రక్తదానానికి సిద్ధంగా ఉండాలి.

పరీక్షలో వ్యాధి కనిపించకపోయినా చికిత్స మానరాదు. మిగిలిన కణాల నిర్మూలనకు మలి విడతల కీమోథెరపీ, కొందరికి మజ్జ మార్పిడి తప్పనిసరి. వృద్ధులకు అజాసిటిడిన్‌, వెనెటోక్లాక్స్‌ వంటి తక్కువ తీవ్రత గల మందులు ఇస్తారు.

ఉత్తరాంధ్ర రోగులకు అగనంపూడిలో టాటా మెమోరియల్‌ సెంటర్‌ ఆధ్వర్యంలోని హోమీ భాభా క్యాన్సర్‌ ఆస్పత్రి అందుబాటులో ఉంది.