కోరంగి: ఓడల మరమ్మతుల రేవు

కాకినాడకూ యానానికీ నడుమ, గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల మరమ్మతులకు పేరుమోసిన రేవు. కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడను నీళ్లలోంచి తప్పించి బాగుచేసుకునే చోటు దాదాపు ఇదొక్కటే. తెరచాప ఓడకు ఇంధనం ఖర్చు లేదు, గాలి ఊరికే వస్తుంది. అలా మిగిలిన డబ్బును కొయ్యా, నారా, కీలూ మింగేసేవి. కోరంగి బతుకంతా ఆ ఖర్చు మీదే.

గోదావరి డెల్టాకు ఈ పని కొత్తేమీ కాదు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు వర్తకులు ఏటా ఓడలు కట్టించుకునేవారని 17వ శతాబ్దపు నావికుడు థామస్ బౌరీ రాశాడు. ఎగువ అడవుల టేకు నది వెంటే దిగివచ్చేది. వడ్రంగులకూ కమ్మరులకూ కొదవ లేదు. కోరంగికి దగ్గరలోని ఇంజరంలో ఇంగ్లీషువారు బట్టల వర్తకానికి కోఠీ పెట్టడంతో ఓడల రాక ఇంకా పెరిగింది.

మరమ్మతు అనగానే ఓడ అడుగుభాగమే తలపుకు వస్తుంది గానీ, నావికుణ్ని రోజూ సతాయించేది పైనున్న డెక్కు. ఎండకు పలకలు కుంచించుకుపోయి అతుకులు నోళ్లు తెరుస్తాయి. వాన పడితే ఆ సందుల్లోంచి నీరు దిగి సరుకు తడుస్తుంది, కింది దూలాలు పుచ్చిపోతాయి. అందుకే ప్రయాణంలో డెక్కును ఉప్పునీళ్లతో తడుపుతూ ఉండేవారు. రేవు చేరాక అసలు పని మొదలు. సందుల్లోని పాత నారను ఇనుప కొక్కెంతో లాగేసి, తారు పట్టించిన కొత్త నారను వడిపెట్టి, మొండి అంచు ఉలితో, కొయ్యసుత్తితో లోపలికి దిగగొట్టాలి. దానిపైన మరిగిన కీలు పోసి, చల్లారాక మిగిలినదాన్ని గీకెయ్యాలి. దెబ్బ చాలకపోతే నార ఊడివస్తుంది, మీరితే పలక అంచు చితుకుతుంది. సందు నిండిందో లేదో సుత్తి చప్పుడును బట్టే చెప్పగలిగేవాడు పనివాడు.

నీటి కింది భాగానికి శత్రువు కొయ్యను తొలిచే సముద్రపు పురుగు. 1780ల నాటికి బ్రిటిష్ నౌకాదళం తన ఓడల అడుగుకు రాగిరేకు తొడిగించింది. రేకు మార్చాలన్నా, దాని వెనక పలక చూడాలన్నా ఓడ పొడినేల మీద నిలవాలి. ఎబనేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు 1802లో కోరంగిలో డాక్ కట్టించింది ఇందుకే. నౌకాదళపు ఓడలు కూడా అక్కడ బాగయ్యేవి.

కోరంగిని తుపానులు ముంచేశాయని అందరూ అంటారు. సగమే నిజం. 1789 డిసెంబరులో ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. అయినా పదమూడేళ్లు తిరక్కుండానే డాక్ లేచింది. 1839 నవంబరు తుపాను తర్వాత మాత్రం ఊరు మునుపటిలా కోలుకోలేదు. అప్పటికే మొగలో ఇసుకమేట పెరుగుతూ, లోతు తగ్గుతూ ఉండటమే అసలు కారణం. తుపాను కూల్చిన గోదాము మళ్లీ కట్టుకోవచ్చు, నది మోసుకొచ్చే మట్టితో ఏటా పోరాడటం ఎవరి తరం?

1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు డెల్టా సరుకును కాకినాడకు చేర్చాయి. 1860లలో అమెరికా అంతర్యుద్ధం తెచ్చిన పత్తి గిరాకీ కాకినాడను ఇంకా పైకెత్తింది. ఈలోగా ఆవిరి ఓడలొచ్చాయి. బొగ్గుతో నడిచే ఇనుప ఓడ అడుగుభాగానికి నారతో, కీలుతో పనిలేదు. ఆ ఓడకు కావలసినవి బాయిలరు బాగుచేసే కార్ఖానా, బొగ్గు నిల్వ, లోతైన నీళ్లు. ఆ మూడూ కోరంగికి లేవు. కాకినాడలోనూ పెద్ద ఓడలు తీరానికి దూరంగానే లంగరు వేసేవి, కానీ సరుకు చేరవేసే పడవలు దానికి ఉన్నాయి. రంగూన్‌కు కూలికి వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. వాళ్లలో చాలామంది ఎక్కింది మాత్రం కాకినాడలో ఆగిన ఆవిరి ఓడలు.

ఓడల పని పోయినా పడవల పని మిగిలింది. పక్కనున్న తాళ్లరేవు వడ్రంగులు 20వ శతాబ్దంలోనూ కొయ్య పడవలు కట్టారు. తెరచాపతో, గెడతో నడిచే కాకినాడ నావలకు 1980లలో డీజిల్ ఇంజన్లు అమరసాగాయి. ఏటా పలకల సందులు పూడ్చుకోవడంతోపాటు నూనె లెక్క కూడా జాలరి నెత్తిన పడింది. కోరంగి పేరు ఇప్పుడు వినపడేది మడ అడవుల వల్లే. ఆ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు.