బడి రిజిస్టర్‌లో లేని కారణం

"మీ నాన్న కథ పరిశోధన ఎలా అవుతుంది?" అని పీహెచ్‌డీ రోజుల్లో ఒక సెమినార్‌లో అడిగారు. అప్పుడు జవాబు తట్టలేదు.

కెమిస్ట్రీ ప్రొఫెసర్ వై.బి. సత్యనారాయణ 2011లో ‘మై ఫాదర్ బాలయ్య’ ప్రచురించారు. తెలంగాణలోని ఒక మాదిగ కుటుంబం కథ. తాత ఊరొదిలి రైల్వేలో చేరాడు. తండ్రి బాలయ్య రైల్వేలో పనిచేస్తూ పిల్లల్ని చదివించాడు. జనాభా లెక్కలు అక్షరాస్యత శాతం చెబుతాయి. ఆ శాతంలోకి ఒక మనిషి ఏ దారిన వచ్చాడో ఇలాంటి పుస్తకమే చెప్పాలి.

మా నాన్న చదివింది నర్సీపట్నం దగ్గర ఊళ్లో. బడి రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన "మానేశాడు" అని ఉంది. మా నాయనమ్మ మాట వేరు: "ఆడు మాన్లేదురా. పశువుల కాడికి పంపమని కబురెట్టారు. పంపకపోతే మమ్మల్ని కూలికి పిలవరు."

ఏ ఏడని అడిగితే, ఆమె చెప్పినదానికీ రిజిస్టర్‌కీ రెండేళ్లు తేడా వచ్చింది. ఏడుకి రిజిస్టర్‌నే తీసుకున్నాను (సగం మంది జూలై 1న పుట్టిన రిజిస్టర్ అనుకోండి!). కారణానికి నాయనమ్మే ఆధారం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ప్రాజెక్టులకి ఇంట్లో పెద్దోళ్లని అడగండి. రాసే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. ఆ పశువులు ఎవరివో నాయనమ్మ పేరుతో సహా చెప్పింది, రాయొద్దంది. నేను రాయలేదు.