మలేషియా టూర్: ఆదోని, ఎమ్మిగనూరు కుటుంబాలు ముందే చూసుకోవాల్సినవి

పత్తి సీజన్ ముగిసి, బడులకు సెలవులిచ్చాక ఆదోని, ఎమ్మిగనూరు వైపు కుటుంబమంతా కలిసి ఊరు కదలడానికి ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకే వీలు. తొలకరి పడిందంటే జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట, ఆ వెంటనే విత్తనం పని. ఈ నెలన్నరలో మలేషియా అనుకునేవారు టికెట్ ధర కంటే ముందు, ఏ తీరానికి పోతున్నామో చూసుకోవాలి.

ప్యాకేజీల్లో ఎక్కువగా కనిపించే లంకావి పడమటి తీరంలో ఉంది. అక్కడ డిసెంబర్ నుంచి మార్చి దాకా పొడి వాతావరణం. మే వచ్చేసరికి వానలు పెరుగుతాయి. తూర్పు తీరంలోని పెర్హెంతియాన్, రెదాంగ్ దీవులు దీనికి పూర్తిగా వ్యతిరేకం. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు మూతపడి ఉంటాయి, మన వేసవి సెలవుల్లో సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. కౌలాలంపూర్ నుంచి ఇంకో విమానం, ఆపైన పడవ ఖర్చు అవుతుంది, కానీ వానలో హోటల్ గదిలో కూర్చోవడం కంటే అదే మేలు.

2026 డిసెంబర్ 31 వరకు భారతీయులకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ఉండాలి. చేరడానికి మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ప్రభుత్వ సైట్‌లో అది ఉచితం, డబ్బు అడిగితే అది నకిలీ సైటే. ఆధార్‌లో 'ఎస్‌కే', పాస్‌పోర్టులో 'షేక్' అని ఉన్నవారు టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయించాలి.

ముస్లిం దేశమే కదా, తిండికి చింత లేదనుకుంటే పొరపాటు. చైనీయుల హోటళ్లూ చాలానే ఉంటాయి. 'నో పోర్క్, నో లార్డ్' బోర్డు ఉన్నంత మాత్రాన హలాల్ అని కాదు, జాకిమ్ హలాల్ ముద్ర చూడాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అక్కడివారు షాఫయీలు. పీత, స్క్విడ్ వారికి హలాలే, అందుకే హలాల్ హోటల్లోనూ వడ్డిస్తారు. హనఫీలు మెనూలో 'కేతమ్' అంటే పీత, 'సోతోంగ్' అంటే స్క్విడ్ అని గుర్తుంచుకుంటే చాలు. రోటీ చనాయ్, నాసీ కందర్ అమ్మే మామక్ హోటళ్లు తమిళ ముస్లింలవి, మన నోటికి బాగానే పడతాయి.

అసర్ అజాన్ కూడా షాఫయీ లెక్కనే ఇస్తారు, హనఫీ వక్తు దాదాపు గంట తర్వాత. ఫోన్ యాప్‌లో మజహబ్ మార్చుకోకపోతే తికమకే. మాల్స్‌లో, పెట్రోల్ బంకుల్లో సురావు అనే నమాజు గది ఉంటుంది. చాలాచోట్ల ఆడవారికి వేరే చోటు, తెలెకుంగ్ అనే నమాజు దుస్తులు కూడా ఉంటాయి. లంకావి ఉన్న కెదా, తూర్పున తెరెంగాను రాష్ట్రాల్లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. జుమా వేళ దుకాణాలు మూస్తారు, పడవ టైము ముందే కనుక్కోవాలి.

విదేశీయులకు గదికి రాత్రికి 10 రింగిట్లు టూరిజం పన్ను, హోటల్లో విడిగా కట్టాలి. జొన్నరొట్టెలు, కారం పొడి తీసుకుపోవచ్చు. మటన్ పచ్చడి మాత్రం వద్దు, అనుమతి లేని మాంసాన్ని విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.