బేరా ముసలమ్మ: పేరు పేరుకూ వ్యాఖ్యానం

కల్యఖ్ వేరా. ఐర్లండ్ నైరుతి కొసన అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన బేరా ద్వీపకల్పపు ముసలమ్మ అని ఈ పేరుకు అర్థం. ఐర్లండ్ దేవతల జాబితా ఎవరు రాసినా ఈమెను వదలరు. అయితే ఈమెకు గుడి లేదు, పూజారి లేడు, మంత్రం లేదు. మిగిలినవల్లా ఒక పాత కవిత, కొన్ని కొండలు, ఒక బండరాయి, ఊళ్లలో చెప్పుకునే బోలెడన్ని కథలు. వాటిలో ఆమె మహిమల ఊసు తక్కువ. వయసు గురించీ, పొలం పని గురించీ ఎక్కువ.

కల్యఖ్. లాటిన్‌లో పాలియుం అంటే పైవస్త్రం. అది పాత ఐరిష్‌లోకి వచ్చి ముసుగు అయింది. ముసుగు వేసుకున్నది కల్యఖ్, అంటే మఠంలో చేరిన సన్యాసిని. క్రమంగా ఏ ముసలమ్మకైనా అదే పిలుపయింది, ఆ తర్వాత మంత్రగత్తెకూ అంటగట్టారు. కాబట్టి ‘అనాది దేవత’ అని మనం చదివే ఈమె పేరు క్రైస్తవం వెంట వచ్చినది. పేరు కొత్తదైనంత మాత్రాన పేరుగల మనిషి కొత్తది కానక్కర్లేదు, నిజమే. కానీ అయిదువేల ఏళ్ల దేవత అని ధీమాగా రాసేవాళ్లు ఈ చిక్కు దగ్గర కాసేపైనా ఆగాలి.

బూయ్. కవితలో ఆమె చెప్పుకునే సొంత పేరు. ఐరిష్ స్థలపురాణాల్లో బూయ్ అంటే లుగ్ దేవుడి భార్య. బోయిన్ నది లోయలోని నౌత్ సమాధి దిబ్బ ఆమెదని చెబుతాయి. నేలే స్త్రీరూపం దాల్చి రాజును వరిస్తుందనీ, అప్పుడే అతని రాజ్యం చెల్లుతుందనీ ఐర్లండ్‌లో పాత నమ్మకం. బూయ్ అలాంటి నేల దేవతే అంటారు. ఈ ముసలమ్మను దేవత అనడానికి పండితులకు దొరికిన గట్టి ఆధారం ఆ పేరే.

ఏడు యవ్వనాలు. కవిత సుమారు 9వ శతాబ్దానిది. దాని ముందు వచనంలో ఒక చిన్న పరిచయం ఉంది. ఆమె ఏడుసార్లు యవ్వనం పొందిందట. కాపురం చేసిన ప్రతి మగవాడూ ముసలివాడై పోయాడు. మనవలు, మునిమనవలు తెగలుగా, జాతులుగా పెరిగారు. బేరాలో యాభైమంది పెంపుడు పిల్లలున్నారు గనుక ఆమెకు ఆ చోటి పేరు వచ్చిందట. చివరికి కుమినె అనే సాధువు దీవించి ఇచ్చిన ముసుగును నూరేళ్లు తలమీద ధరించింది.

ఇంత చెప్పాక కవిత మాత్రం ఏ అద్భుతాన్నీ పట్టించుకోదు. అందులో మాట్లాడేది చలికి వణికే ఒక ముసలి మనిషి. ఒకప్పుడు రాజులతో కూర్చుని తేనె మద్యం, ద్రాక్ష మద్యం తాగిన నోటికి ఇప్పుడు నీళ్లు కలిపిన విరుగుడు తేట. చుట్టూ తనలాంటి వడలిన ముసలమ్మలే. రాజులను కౌగలించిన చేతులు ఎముకలు తేలాయి. ఈ కాలం అమ్మాయిలకు డబ్బు మీద ప్రేమ, మా రోజుల్లో మనుషుల మీద ఉండేది అని ఒక దెప్పుపొడుపు కూడా ఉంది. ఏ కాలపు ముసలమ్మైనా అనే మాటే. టిప్పరరీ ప్రాంతంలోని ఫెవెన్ మైదానాన్ని చూసి ఆమెకు అసూయ, ఏటా పంటతో దాని తల మళ్లీ పసుపు రంగుకు తిరుగుతుంది గనుక. సముద్రపు దీవికి ఆటు తర్వాత పోటు వస్తుంది, తనకు ఇక రాదు. నేలే తానైన దేవతకు నేలను చూసి అసూయ ఎందుకు? ఎనిమిదో యవ్వనం ఎందుకు రాలేదు? కవి జవాబు చెప్పడు. తలమీది ముసుగే జవాబని నా ఊహ: కొత్త మతంలో మనిషికి ఒకటే బతుకు.

రాయి. కూలా అఖాతం ఒడ్డున, కిల్‌క్యాథరీన్ దగ్గర ఒక బండ సముద్రం వైపు చూస్తూ ఉంటుంది. ఒక సాధువు పుస్తకం దొంగిలించినందుకు ఆమె రాయిగా మారిపోయిందని కొందరూ, సముద్ర దేవుడైన మననాన్ అనే మొగుడి కోసం ఎదురుచూస్తోందని మరికొందరూ అంటారు. వచ్చేవాళ్లు ఆ రాతి మీద నాణేలు, చిన్నాచితకా వస్తువులు పెట్టి పోతారు.

ఒడి నిండా రాళ్లు. మీత్ కౌంటీలోని లాక్రూ కొండలకు ఐరిష్‌లో ముసలమ్మ కొండలనే పేరు. ఒడిలో రాళ్లు నింపుకుని శిఖరం నుంచి శిఖరానికి దూకుతూ ఆమె జారవిడిచినవే అక్కడి రాతి గుట్టలట, ఆఖరి దూకుడులో పడి చచ్చిపోయిందట. నిజానికి అవి అయిదువేల ఏళ్ల నాటి సమాధులు. ‘టి’ అని గుర్తుపెట్టిన గుట్టలోకి మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో ఉదయపు ఎండ దూరి, లోపలి చెక్కడాల రాతిని వెలిగిస్తుంది. ఎవరు కట్టారో మరిచిపోయిన జనం, ఇంత రాయి మోయగలిగింది ఎవరా అని ఆలోచించి ఒక ఆడమనిషి పేరు చెప్పారు. ఆ ఎంపిక నాకు నచ్చింది.

అటకమీది ఎముకలు. వయసెంత అని ఒక సన్యాసి అడిగాడు. అంకెలు తనకు తెలియవంది. ఏటా ఒక ఎద్దును కోయించి ఎముకలను అటకమీదికి విసిరేదట, లెక్క పెట్టుకోమంది. కుర్రవాణ్ణి పైకెక్కించారు. వాడు ఒక్కొక్కటే కిందికి వేస్తుంటే సన్యాసి గీత గీశాడు. కాగితం నిండింది, అటకలో ఒక మూల కూడా ఖాళీ కాలేదు. ఇంత ఆయుష్షు ఎలా వచ్చిందంటే ఆమె చెప్పినవి ఇంటి పద్ధతులు: ఆకలేస్తేనే తినడం, నిద్ర వస్తేనే పడుకోవడం, మంచినీళ్లు లోపలికి తెచ్చాకే మురికినీళ్లు పారబోయడం, ఒక గుంట బురదను కాళ్లతో ఇంకో గుంట దాకా మోయకపోవడం. దారినపోయేవాళ్లకు వండిపెట్టే మన పేదరాశి పెద్దమ్మ బాపతు కాదు ఈమె. కూలికొచ్చినవాణ్ణి పొలంలో తనతో పోటీకి దించి, ఓడిస్తే కూలి ఎగ్గొట్టే రకం. గడ్డికోతలో ఆమెను ఎవరూ అందుకోలేకపోతే, ఒకడు గడ్డి మధ్య ఇనుప మేకులు పాతాడు. ఇవేం మొండి కాడలు అనుకుంటూ ఆమె కొడవలి నూరుకుంటూ ఉండగా వాడు ముందుకు పోయాడు.

చివరి పన. ఐర్లండ్ ఉత్తర భాగంలోనూ స్కాట్లండ్‌లోనూ పొలంలో ఆఖరున నిలిచిన గుప్పెడు పంటకు కల్యఖ్ అనే పేరు ఉండేది. ఆంట్రిమ్‌లో దాన్ని జడలా అల్లి, దూరాన నిలబడి కొడవళ్లు విసిరి కోసేవారు. స్కాట్లండ్‌లో కొన్నిచోట్ల ముందు కోత ముగించిన రైతు ఆ పనను ఇంకా ముగించని పొరుగువాడి పొలంలోకి తోసేవాడు. అందరికన్నా వెనకబడ్డవాడు చలికాలమంతా ముసలమ్మను పోషించాలన్నమాట. ఎవరికీ అక్కర్లేదు, గొడవలయ్యేవి. ఐలే దీవిలో మాత్రం మర్యాద ఉండేది. పనను గోడకు వేలాడదీసి, మళ్లీ దున్నే మొదటి రోజున ఇంటావిడ దించి మగవాళ్లకు పంచేది. వాళ్లు జేబుల్లో పెట్టుకెళ్లి, పొలం చేరాక నాగలి గుర్రాలకు తినిపించేవారు.