నిజామాబాదు ప్రాంతంలో భాషా, జన నామాలు

నిజామాబాదు, బోధన్ ప్రాంతంలో భాషలను, వాటిని మాట్లాడే జనులను పిలిచే పదాలకు ప్రత్యేక చరిత్ర కలదు. ఈ ప్రాంతం మహారాష్ట్ర సరిహద్దున, తెలంగాణ వాయవ్య భాగాన ఉంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ భాషలు ఇక్కడ పక్కపక్కనే వినిపిస్తాయి.

పదనిర్మాణం

తెలుగులో సాధారణంగా భాష పేరుకు 'వాడు', 'వారు' చేర్చితే మనిషి పేరు ఏర్పడుతుంది: తెలుగువాడు, అరవవారు. వాడుకలో ఇవి మరాఠోడు, మరాఠోళ్లు అన్నట్లు మారతాయి. కన్నడిగుడు, ఆంగ్లేయుడు వంటివి ఈ పద్ధతికి లొంగవు. ఇటువంటి తేడా ఇతర భాషలలోనూ ఉంది. డేనిష్ భాషలో భాష 'డాన్స్క్', మనిషి 'డాన్స్కర్'. నార్వే భాషలో మాత్రం భాష 'నోర్స్క్' కాగా మనిషి 'నూర్మన్'.

ఇరుగుపొరుగు పేర్లు

మరాఠీకి, మరాఠాలకు తెలుగులో పాత పేరు 'ఆరె'. ఆరె కటిక వంటి కులనామాలలో ఇది నేటికీ నిలిచి ఉంది. 1956లో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా నుండి బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినందున మరాఠీ మాట్లాడేవారు కొందరు ఇటువైపు వచ్చారు. ఉర్దూను పల్లెలలో 'తురకం' అనేవారు. తురక అనే మాట చిన్నచూపుగా ధ్వనిస్తుంది కనుక రచనలలో వాడరు. లంబాడీలు తమను 'గోర్' అనీ, ఇతరులను 'కోర్' అనీ అంటారు.

'ఆంధ్ర' అనే పదం

అన్నింటిలో ఎక్కువగా అర్థం మారినది ఈ పదమే. ప్రాచీన సాహిత్యంలో ఆంధ్రము తెలుగుకు పర్యాయపదం. 1921లో హైదరాబాదులో ఒక సభలో తెలుగులో మాట్లాడిన వక్తను ఎగతాళి చేయగా, తెలంగాణ తెలుగువారు ఆంధ్ర జనసంఘం స్థాపించుకున్నారు. దాని నుండి ఎదిగిన ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం 1937లో నిజామాబాదులోనే, మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది. అనగా ఇక్కడివారు తమను తామే ఆంధ్రులని చెప్పుకున్నారు.

అయితే 1931లో నిజాంసాగర్ పూర్తయి, బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసిన తరువాత కోస్తా జిల్లాల రైతులు వచ్చి 'క్యాంపు'లు కట్టుకుని వరి, చెరకు పండించారు. వీరిని స్థానికులు 'ఆంధ్రోళ్లు' అన్నారు. భాష ఒక్కటే అయినా పేరు వేరైంది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ మాటకు పరాయివారు అనే అర్థం బలపడింది. వారిలో చాలామంది పిల్లలు ఈ నేలమీదే పుట్టి పెరిగినా ఆ పేరు వారిని వీడలేదు. మర్యాదగా చెప్పవలసినచోట 'సెటిలర్లు' అంటారు గాని, అదీ వలస వచ్చినవారనే అర్థమే ఇస్తుంది.