సిఫారసు వెనుక ప్రతిఫలం: వెల్లడి తప్పనిసరి

భిలాయ్ ఉక్కు పట్టణంలోని ఖుర్సీపార్‌లో తెలుగు కుటుంబాలు అనేకం నివసిస్తున్నాయి. హిందీ ప్రాంతంలోని ఇటువంటి సమాజాలకు సామాజిక మాధ్యమాల్లో మాతృభాషలో వినిపించే సిఫారసు ఆత్మీయుల సలహాగా తోచవచ్చు. అది ప్రతిఫలం పొంది చెప్పినదైతే, ఆ సంగతి వినియోగదారునికి తెలియాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరి 20న విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు, బహుమతి, ఉచిత వస్తువు, రాయితీ వంటివి ఏవి పొందినా వెల్లడించాలి. సిఫారసు ఏ భాషలో ఉంటే వెల్లడి ఆ భాషలోనే ఉండాలి. తెలుగు వీడియోకు తెలుగులోనే. హ్యాష్‌ట్యాగుల నడుమ దాచరాదు. ప్రత్యక్ష ప్రసారంలో ఆద్యంతం కనిపించాలి.

తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల రక్షణ చట్టం–2019 కింద రూ.10 లక్షల వరకు, పునరావృతమైతే రూ.50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915.